పీఎన్ఐ 34 అన్నారు, ఆపరేషన్ రెండు వారాలు వాయిదా వేశారు: ఆగాలా, వేరే ఆసుపత్రికి వెళ్లాలా?

బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి రాసినవారి ప్రశ్న క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 61 ఏళ్లు, పొట్టలో కేన్సర్. నాలుగు నెలల్లో 58 కిలోల నుంచి 49కి దిగిపోయారు. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు. రిపోర్టులో ఆల్బుమిన్ (రక్తంలోని ఒక మాంసకృత్తు) 2.8, లింఫోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) 1,200. ఈ రెండిటితో ఒంటి పోషణ ఎలా ఉందో లెక్కగట్టే అంకె పీఎన్ఐ. సర్జన్ గారు "పీఎన్ఐ 34 వచ్చింది, ఇప్పుడు కోస్తే ప్రమాదం, రెండు వారాలు బాగా తినిపించి తీసుకురండి, తినలేకపోతే ముక్కులోంచి ట్యూబు వేద్దాం" అన్నారు. ఇంట్లోవాళ్లేమో "ఈలోగా అది పాకిపోదా, విశాఖలో వెంటనే చేసేస్తామంటున్నారు కదా" అంటున్నారు. పైగా ఆ 34 గురించి మీరు నెట్‌లో వెతికితే, తక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతకరని కనిపించింది. నిజమేనా, ఏం చెయ్యమంటారు అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఆగండి. మీ సర్జన్ చెప్పింది సరైన మాటే. కాకపోతే ఆ రెండు వారాలూ లెక్కగా తిండి పెడితేనే ఆగినందుకు ఫలితం. ఊరికే ఇంటికి తీసుకెళ్లి "ఏదో ఒకటి తినిపిస్తున్నాం" అంటే మాత్రం కాలం పోవడం తప్ప ఏమీ ఉండదు. ఇక 34 అంటే ఆయుష్షు అంతేనని అర్థం కాదు. ఈ ఒంటితో ఈ రోజు బల్ల మీద పడుకోబెడితే ముప్పు ఎంతో చెప్పే అంకె అది. ఆ ముప్పులో కొంత జబ్బు వల్ల, కొంత ఆకలి వల్ల. జబ్బు సంగతి సర్జన్, కీమో డాక్టర్ చూసుకుంటారు. ఆకలి సంగతి మీ చేతిలో ఉంది.

నేను శ్రీకాకుళంలో సర్జరీ వార్డు రోగుల తిండి చూసే డైటీషియన్‌ని. కోసే మనిషిని కాదు గనక ఏ ఆపరేషన్ చెయ్యాలి, ఎంత కొయ్యాలి అన్నది నేను చెప్పను. కోతకు ముందు, తర్వాత రోగి కడుపులోకి ఏం వెళుతోంది, ఏం వెళ్లడం లేదు అన్నది మాత్రం చాలా ఏళ్లుగా దగ్గర నుంచి చూస్తున్నాను.

ముందు ఆ 34 లెక్క. ఆల్బుమిన్‌ను 10తో గుణించాలి, లింఫోసైట్ల సంఖ్యను 0.005తో గుణించాలి, రెండూ కూడాలి. మీ నాన్నగారికి 28, 6 కలిపి 34. ఇంతే. 1980లో అమెరికాలో బజ్బీ బృందం మొదట తయారు చేసిన సూత్రంలో చేతి వెనక చర్మం మడత మందం, ఇంకో రెండు మూడు పరీక్షలు ఉండేవి. 1984లో జపాన్‌లో ఒనొడేరా బృందం జీర్ణాశయం, పేగుల కేన్సర్ రోగుల కోసం దాన్ని మామూలు రక్తపరీక్షతో అయిపోయేలా తేలిక చేసింది. వాళ్ల లెక్కలో 45 దాటితే ఫరవాలేదు, 40 నుంచి 45 మధ్య జాగ్రత్త, 40 కంటే తక్కువైతే పేగు కోసి అతికించే పని పెట్టుకోవద్దు. మీ సర్జన్ గారి మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఈ ఆలోచన అంతకంటే పాతది. 1936లోనే క్లీవ్‌లాండ్‌లో స్టడ్లీ అనే సర్జన్ కడుపులో పుండుకు ఆపరేషన్ చేసిన రోగుల లెక్క తీశాడు. ఆపరేషన్‌కి ముందే 20 శాతానికి మించి బరువు తగ్గినవాళ్లలో 33 శాతం మంది చనిపోయారు. అంత తగ్గనివాళ్లలో 3.5 శాతం. అప్పటికి యాంటీబయాటిక్స్ లేవు, ఐసీయూలు లేవు, కాబట్టి ఆ అంకెల్ని ఇప్పటికి తెచ్చి భయపడకండి. కానీ చిక్కిపోయిన ఒంట్లో కుట్టు నిలవదన్న సంగతి మారలేదు. ఇటీవల 75 దేశాల్లో పెద్దపేగు, పొట్ట కేన్సర్ ఆపరేషన్ అయిన 5,700 మందిని చూస్తే దాదాపు మూడో వంతు మంది తీవ్రంగా పోషణ తగ్గి ఉన్నారు, ఆపరేషన్ అయిన నెలలోపు చనిపోయే ముప్పు వాళ్లలోనే ఎక్కువ. పేద దేశాల్లో ఈ బాధ మరీ ఎక్కువ. మా వార్డులో కూర్చుంటే దీనికి అధ్యయనం అక్కర్లేదు, మంచం మీద కాళ్లు చూస్తే తెలిసిపోతుంది.

తిండికీ, ఏళ్ల తర్వాత బతికి ఉండటానికీ లంకె ఎక్కడ? నాకు అర్థమైనంతలో అసలు దారి ఇది. చిక్కిన ఒంట్లో పేగు అతుకు దగ్గర లీకు, కోత దగ్గర చీము, ఊపిరితిత్తుల్లో నిమ్ము ఎక్కువ. అవి వస్తే రోగి నెల రోజులు మంచం దిగడు. మంచం దిగనివాడికి ఆపరేషన్ తర్వాతి కీమో సమయానికి మొదలవదు, మొదలైనా డోసు తగ్గించాల్సి వస్తుంది, లేదా మధ్యలో ఆపేస్తారు. పొట్ట కేన్సర్‌కి ఇప్పుడు ఎక్కువగా వాడే ఫ్లాట్ అనే కీమో మందుల కలయికలో ఆపరేషన్‌కి ముందు 4, తర్వాత 4 సైకిళ్లు (విడతలు). దాన్ని నిలబెట్టిన జర్మనీ ట్రయల్లోనే మొత్తం 8 పూర్తి చేసినవాళ్లు సగం మంది కూడా లేరు. అక్కడే అలా ఉంటే మన దగ్గర 49 కిలోల మనిషి సంగతి ఆలోచించండి. కోత బాగానే జరిగి, మిగిలిన మందు ఒంటికి పట్టక వెనకబడిన రోగులు నాకు చాలామంది తెలుసు.

ఇప్పుడు అటువైపు మాట కూడా చెప్పాలి, లేకపోతే నెట్‌లో చదివింది మిమ్మల్ని తికమక పెడుతూనే ఉంటుంది. పీఎన్ఐ తక్కువ ఉన్నవాళ్లు తక్కువ కాలం బతికారని చెప్పే అధ్యయనాలు చాలావరకు పాత కేస్ షీట్లు తిరగేసి రాసినవి. ఒక్కోచోట ఒక్కో గీత: ఒకరు 40 అంటే ఇంకొకరు 48 అంటారు. జబ్బు ముదిరినవాళ్లకే ఆల్బుమిన్ పడిపోతుంది గనక, ఆ తక్కువ అంకె సగం జబ్బు ముదిరిందనే చెబుతోంది. అందుకే తిండి పెట్టి అంకె పెంచితే ఆయుష్షు అంతే పెరుగుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. ఆపరేషన్‌కి ముందు పోషణ సరిచేస్తే ఇన్ఫెక్షన్లు, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గుతాయన్న దానికి ఆధారం గట్టిది. ఐదేళ్ల ఆయుష్షు మీద దాని ప్రభావానికి ఆధారం అంత గట్టిది కాదు. పార్వతీపురం వైపు నుంచి వచ్చిన ఒకాయన, క్లోమం కేన్సర్, చెప్పింది చెప్పినట్టు తిన్నారు, బరువు పెరిగారు, ఆపరేషన్ చక్కగా అయింది. ఏడాది తిరక్కుండా కాలేయంలో వచ్చింది. తిండిలో ఏ లోపమూ లేదు, జబ్బు అలాంటిది. ఆ ఏడాదిలో ఆయన పొలానికి నడిచి వెళ్లారు, మనవరాలి పెళ్లి చేశారు. పోషణ ఇచ్చింది ఆయనకు అదీ.

ఆగడం వల్ల పాకిపోదా? ఈ భయం తప్పు కాదు. ఏడు రకాల కేన్సర్లను కలిపి 2020లో చేసిన పెద్ద విశ్లేషణలో, ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైన కొద్దీ మరణ ముప్పు 6 నుంచి 8 శాతం పెరిగింది. అందులో పొట్ట కేన్సర్ లేదు, అయినా ఆలస్యానికి ధర ఉంటుందన్న మాట నిజం. కాబట్టి నెలలకు నెలలు వద్దు. కానీ యూరప్ పోషణ నిపుణుల సంఘం ఎస్పెన్ సర్జరీ మార్గదర్శకాలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి: పోషణ ముప్పు తీవ్రంగా ఉన్నవాళ్లకు పెద్ద ఆపరేషన్‌కి ముందు 7 నుంచి 14 రోజులు పోషణ ఇవ్వాలి, కేన్సర్ ఆపరేషన్ వాయిదా వెయ్యాల్సి వచ్చినా సరే. తీవ్రం అంటే వాళ్లు చెప్పిన గుర్తులు: ఆరు నెలల్లో 10–15 శాతం బరువు తగ్గడం, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క) 18.5 కంటే తక్కువ, కాలేయం, కిడ్నీ బాగానే ఉండి ఆల్బుమిన్ 3 కంటే తక్కువ. వీటిలో ఒక్కటున్నా చాలు. మీ నాన్నగారు తగ్గింది 15 శాతం పైనే, బీఎంఐ 18, ఆల్బుమిన్ 2.8. మూడూ ఉన్నాయి. విశాఖలో "వెంటనే చేసేస్తాం" అన్నవాళ్లు ఈ మూడూ చూశారో, ఫోన్లో స్కాన్ రిపోర్టు మాత్రమే చూశారో అడిగి తెలుసుకోండి.

ఆగకూడని సందర్భాలూ ఉన్నాయి. రక్తం పడుతుంటే, పేగు పూర్తిగా మూసుకుపోతే, చిల్లు పడితే రెండు వారాల లెక్క ఉండదు. అలాగే బాగా తింటూ, బరువు పెద్దగా తగ్గని మనిషికి "ఇంకాస్త బలం పట్టాక చేద్దాం" అని వాయిదా వేయడం కూడా తప్పే. 1991లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో చేసిన ట్రయల్లో, ఆపరేషన్‌కి ముందు రక్తనాళం ద్వారా పోషకాలు ఎక్కిస్తే తీవ్రంగా చిక్కినవాళ్లకే మేలు జరిగింది, మిగతావాళ్లకు ఇన్ఫెక్షన్లు పెరిగాయి.

"తింటే కేన్సర్‌కి బలం వస్తుంది" అని మీ పెద్దవాళ్లు ఎవరో అన్నట్టు రాశారు. ఈ మాట నేను దాదాపు ప్రతి ఇంట్లో వింటాను. మనుషుల్లో తిండి పెట్టినందువల్ల గడ్డ వేగంగా పెరిగిందనడానికి ఆధారం లేదు. తిండి మానేస్తే గడ్డ మానదు, అది కండలో నుంచి లాక్కుంటుంది. ముందు కరిగేది తొడలు, భుజాలు.

మొదట తేల్చుకోవలసింది: ఆయన ఎందుకు తినడం లేదు? ఇది మీ ప్రశ్నలో లేదు, కానీ మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. ఆకలి లేకనా? రెండు ముద్దలకే కడుపు నిండినట్టుంటోందా? తిన్న గంటకో, రాత్రికో నిన్నటి అన్నం వాంతి అవుతోందా? ఈ చివరిదైతే పొట్ట చివర దారి ఇరుకైందన్నమాట. అప్పుడు ఇంట్లో ఎంత మంచి తిండి పెట్టినా బయటకే వస్తుంది. ఎండోస్కోపీతో ఆ ఇరుకు దాటించి సన్నటి ట్యూబు పేగులోకి వెయ్యాలి. "ట్యూబు వేస్తే ఇక ఆఖరే" అని మనవాళ్లు దడుచుకుంటారు. సోంపేట వైపు సముద్రం ఒడ్డు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది, అడ్డపొగ తాగే అలవాటు, అంగుట్లో కేన్సర్. మన జిల్లాల్లో ఆడవాళ్లకు నిప్పు లోపల పెట్టి చుట్ట తాగే ఈ అలవాటు వల్ల వచ్చే కేన్సర్ అది. నోట్లో పుండుతో మజ్జిగ కూడా మంటే. "ఏటి తింతానమ్మా, నోట్లోకి పోతే కదా" అని చెయ్యి ఊపేసింది. ముక్కు ట్యూబుకు కొడుకు ఒప్పుకోలేదు, కోడలు ఒప్పించింది. పది రోజులు తిరిగేసరికి ఆవిడ లేచి వరండాలో నడిచి, పక్క మంచం ఆవిడతో గొడవ కూడా పెట్టుకుంది. ఆపరేషన్ తర్వాత ట్యూబు తీసేశారు. ట్యూబు అంటే దారి మూసుకున్న చోట పక్కదారి, అంతకు మించి దానికి వేరే అర్థం లేదు.

ఎంత తినాలి? కిలో బరువుకి రోజుకు 25 నుంచి 30 కేలరీలు, మాంసకృత్తులు 1.2 నుంచి 1.5 గ్రాములు. మీ నాన్నగారికి రోజుకు సుమారు 1,250–1,500 కేలరీలు, 60–75 గ్రాముల మాంసకృత్తులు. కేలరీలు ఎలాగోలా వస్తాయి, మన ఇళ్లలో వెనకబడేది మాంసకృత్తుల దగ్గరే. అన్నం, చారు, గంజి, కొబ్బరినీళ్లు, బత్తాయి రసం, చూడడానికి వచ్చినవాళ్లు తెచ్చిన మాల్ట్ పొడి: వీటితో పొద్దు గడిచిపోతుంది, మాంసకృత్తులు 20 గ్రాములు కూడా దాటవు.

చోడి (రాగి) అంబలి సంగతి కాస్త చెప్పాలి. అది మంచి తిండే, నాకూ ఇష్టమే. కానీ రోగి కోసమని పల్చగా కాచిన గ్లాసు అంబలిలో ఉండేది రెండు చెంచాల పిండి, మిగతాదంతా నీళ్లు. కడుపు నిండుతుంది, ఒంటికి పట్టేది తక్కువ. దాన్నే నీళ్లకు బదులు పాలతో చిక్కగా కాచి, రెండు చెంచాల పాలపొడి, కాస్త నెయ్యి లేదా బెల్లం కలిపితే అదే గ్లాసు మూడు రెట్లు పనిచేస్తుంది.

నేను మీ నాన్నగారిలాంటి మనిషికి రాసిచ్చేది ఇలా ఉంటుంది. పొద్దున్నే పాలతో కాచిన చోడి జావ ఒక గ్లాసు. ఎనిమిదింటికి రెండు ఇడ్లీలు, చట్నీ బదులు చిక్కటి పెసరకట్టు, ఒక గుడ్డు. పదిన్నరకు పాలపొడి కలిపిన పాలు. మధ్యాహ్నం మెత్తటి అన్నం చిన్న గిన్నెడు, దానికి సమానంగా ముద్దపప్పు, ముళ్లు తీసిన చేప రెండు ముక్కలు, పెరుగు. నాలుగింటికి వేరుశనగ, నువ్వులు మెత్తగా దంచిన ఉండ ఒకటి. పొడి పలుకులు వద్దు, ఇరుకు దగ్గర ఇరుక్కుంటాయి. రాత్రి ఏడింటికి మళ్లీ మెత్తటి అన్నమో ఉప్మానో, ఇంకో గుడ్డు. పడుకునే ముందు పాలు. లెక్క వేస్తే 80 గ్రాముల దాకా వస్తుంది. అన్నీ ఆయన తినలేరని నాకు తెలుసు. నాలుగింట మూడొంతులు లోపలికి వెళితే 60 దాకా వస్తుంది. రోజుకు మూడు పూటలు అన్న అలవాటు వదిలేయండి, ఆరేడుసార్లు కొంచెం కొంచెం. నీళ్లు తిండితో పాటు కాకుండా మధ్యలో తాగించండి. మాంసాహారం ముట్టని ఇల్లైతే పాలపొడి, పెరుగు, పన్నీరు, పప్పు పెంచాలి, అయినా చాలకపోతే డాక్టర్ రాసే ప్రోటీన్ పొడి కలపాలి.

ఒక హెచ్చరిక, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. కొన్ని నెలల్లోనే 15 శాతం పైగా తగ్గిన మనిషికి, వారం పదిరోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి మొదటి రోజే పూర్తి లెక్క పెట్టకూడదు. ఆకలికి అలవాటు పడిన ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం వెళితే రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం చటుక్కున పడిపోయి గుండె లయ తప్పవచ్చు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత చెరల నుంచి విడిపించిన ఖైదీలకు తిండి పెడితే కొందరు ఇలాగే కుప్పకూలారు. మీ నాన్నగారు ఆ గీత దగ్గరే ఉన్నారు. అందుకే మొదటి రోజుల్లో మూడో వంతుతో మొదలుపెట్టి, నాలుగు నుంచి ఏడు రోజుల్లో పూర్తి లెక్కకు తీసుకెళతాం. ముందే థయమిన్ (బి1 విటమిన్) ఇస్తాం, రక్తపరీక్షలు చూస్తుంటాం. ట్యూబు వేసి తిండి పెట్టాలంటే మొదటి కొన్ని రోజులు ఆసుపత్రిలోనే ఉండమనేది ఇందుకే. ఖర్చు అనిపించి వెంటనే ఇంటికి తెచ్చేయకండి.

ఇంకో మాట కిడ్నీ గురించి. మీది బొబ్బిలి వైపు గనక మీకు వర్తించకపోవచ్చు, కానీ ఇది చదివేవాళ్లలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లు, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వాళ్లు ఉంటారు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎక్కువ ఉన్నవాళ్లకు మాంసకృత్తులు తగ్గించమని ముందే చెప్పి ఉంటారు. పెద్ద ఆపరేషన్ ముందు అదే పథ్యం కొనసాగిస్తే కండ కరిగిపోతుంది. ఎంత సడలించాలో కిడ్నీ డాక్టరూ సర్జనూ మాట్లాడుకుని తేల్చాలి, మీ అంతట మీరు పెంచకండి, తగ్గించకండి.

ఆల్బుమిన్ సీసాలు ఎక్కించమంటారా? "డబ్బులైనా ఫరవాలేదండీ, ఎక్కించేయండి, అంకె పెరిగితే ఆపరేషన్ చేసేస్తారు కదా" అని అడిగేవాళ్లు ఎందరో. సీసా వేల రూపాయలు. ఎక్కిస్తే రిపోర్టులో అంకె పెరుగుతుంది, మనిషికి కండ పెరగదు. జ్వరం తగ్గాలని థర్మామీటర్‌ను చన్నీళ్లలో ముంచినట్టు ఉంటుంది. కొన్ని ప్రత్యేక అవసరాలకు డాక్టర్లు వాడతారు, అది వేరు. పోషణకు అది మందు కాదు. అలాగే గ్లూకోజ్ సెలైన్. అర లీటరు ఐదు శాతం సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజ్, అంటే సుమారు 100 కేలరీలు. ఒక గ్లాసు పాలలో అంతకంటే ఎక్కువ ఉంటాయి, మాంసకృత్తులు అదనం. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర రెండు సీసాలు ఎక్కించి "బలానికి" అనుకోవడం మానేయండి.

దీనికి తోడు ఇంకోటి: రెండు వారాల తర్వాత పరీక్ష చేయిస్తే ఆల్బుమిన్ పెద్దగా పెరగదు. దానికి నిరాశపడొద్దు. ఒంట్లో ఆల్బుమిన్ సగం మారడానికే దాదాపు 20 రోజులు పడుతుంది. గడ్డ వల్ల ఒంట్లో వాపు లక్షణం ఉన్నంతకాలం కాలేయం దాన్ని తక్కువగానే తయారు చేస్తుంది. మేము చూసేది వేరే. రోజూ ఎంత లోపలికి వెళ్లిందో నోట్‌బుక్‌లో ఉందా? బరువు తగ్గడం ఆగిందా? చేతి పట్టు పెరిగిందా? పట్టు కొలిచే యంత్రం ఉంటే ఆసియా లెక్కలో మగవాళ్లకు 28 కిలోల కంటే, ఆడవాళ్లకు 18 కంటే తక్కువైతే బలహీనమని. యంత్రం లేకపోతే చేతులు పట్టుకోకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవగలుగుతున్నారా చూడండి. బరువు ఒకే కాటా మీద, పొద్దున్నే, అవే బట్టలతో తీయండి. కాళ్ల వాపు చూడడం మరవకండి. ముందు కాలు ఎముక మీద బొటనవేలితో నొక్కితే గుంట పడుతుంటే పెరిగిన కిలో నీరు కావచ్చు.

బరువు గురించే ఇంకో సంగతి, మీకు కాదు గానీ చదివేవాళ్లకు. లావుగా ఉన్నవాళ్లలో ఇది ఎవరికీ కనబడదు. విజయనగరంలో ఒక రిటైర్డ్ మాస్టారు, పెద్దపేగు కేన్సర్, 82 కిలోలు. ఆరు నెలల్లో 11 కిలోలు తగ్గితే ఇంట్లో అందరికీ సంతోషం, షుగరు కూడా అదుపులోకి వచ్చిందని. పొట్ట అలాగే ఉంది, తొడలు మాత్రం సన్నబడి పంచె కింద కర్రల్లా అయ్యాయి. బీఎంఐ చూసి ఎవరూ అడగలేదు. స్కాన్‌లో నడుము దగ్గర కండ చూశాక తెలిసింది. తగ్గిన శాతం అడగాలి, ఇప్పుడున్న బరువు కాదు.

ఆపరేషన్ అయ్యాక జరిగేది ఇంకా ముఖ్యం, ఎందుకంటే రెండు వారాలు కష్టపడి కట్టింది అక్కడే కూలగొడతారు. మనవాళ్ల పథ్యం! గుడ్డు వద్దు, పప్పు వద్దు, పెరుగు వద్దు, వంకాయ సరే సరి. ఆమదాలవలస వైపు రైతు ఒకాయన, పేగు ఆపరేషన్ అయి ఆరో రోజు. చార్టులో రోజుకు రెండు గుడ్లు తిన్నట్టు రాసి ఉంది, మనిషి నీరసంగా ఉన్నాడు. మంచం పక్క అలమరా తెరిస్తే పేపర్లో చుట్టిన ఉడికిన గుడ్లు, వరసగా. వాళ్లమ్మ దాచింది. "గుడ్డెడితే సీము పట్టీదమ్మా, కుట్లూడిపోతాయి" అంది. ఆవిడ మీద కోపం రాలేదు, ఆవిడ తన కొడుకును కాపాడుకుంటోంది. చీము పట్టేది సూక్ష్మక్రిముల వల్లనీ, కొత్త చర్మం కట్టేది గుడ్డులో, పప్పులో ఉన్న సరుకుతోననీ చెప్పడానికి సర్జన్ గారినే తీసుకొచ్చి ఆవిడ ముందు నిలబెట్టాను. నా మాట వినని ఆవిడ డాక్టర్ మాట విని ఆ పూటే గుడ్డు ఒలిచి పెట్టింది. మీ ఇంట్లో ఇలా పథ్యం పెట్టే పెద్దవాళ్లు ఎవరో ఇప్పుడే గుర్తుపట్టి, ఆపరేషన్‌కి ముందే వాళ్లను డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లండి.

ఆపరేషన్ ముందు రాత్రి నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా కడుపు మాడ్చడం కూడా ఇప్పుడు పాత పద్ధతే. దారి మూసుకుపోని రోగికి గట్టి తిండి 6 గంటల ముందు వరకు, నీళ్లలాంటి తేట ద్రవాలు 2 గంటల ముందు వరకు ఇవ్వవచ్చు. మత్తు డాక్టర్‌ను అడగండి, సొంతంగా ఇవ్వకండి. ఆపరేషన్ తర్వాత కూడా చాలామందికి 24 గంటల్లోపే కొంచెం కొంచెం మొదలుపెడతారు, కొందరికి సర్జన్ పేగులో చిన్న ట్యూబు వదిలి దాని ద్వారా ఇస్తారు. ఇంటి జావ ట్యూబులో పోస్తే పలుచని గుడ్డతో రెండుసార్లు వడకట్టండి, ప్రతిసారీ చివర్లో గోరువెచ్చని నీళ్లు పోసి కడగండి, లేదంటే రెండో రోజే మూసుకుపోతుంది. పొట్ట మొత్తం తీసేస్తే జీవితాంతం బి12 ఇంజెక్షన్ కావాలి. మన దగ్గర డిశ్చార్జి కాగితం మీద రాసి ఉన్నా, ఏడాది తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఇప్పుడే క్యాలెండర్ మీద రాసుకోండి.

సోమవారం సర్జన్ దగ్గరకు వెళ్లినప్పుడు ఐదు అడగండి: దారి ఇరుకుందా, ట్యూబు కావాలా, ఫాస్ఫేట్, పొటాషియం, మెగ్నీషియం పరీక్ష రాస్తారా, ఆపరేషన్ తేదీ ఇప్పుడే ఇస్తారా, మధ్యలో వారం తర్వాత ఒకసారి చూపించాలా. తేదీ మాత్రం పట్టుబట్టి తీసుకోండి. తేదీ లేని వాయిదా రెండు వారాల దగ్గర ఆగదు, పండగలూ, కోతలూ, ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) అనుమతి కాగితాలూ కలిసి నెలన్నర అవుతుంది. ఆ అనుమతి పనులు కూడా ఈ రెండు వారాల్లోనే మొదలుపెట్టించండి.

వాంతులు అవుతున్నాయా లేదా, నిన్న పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆయన ఏమేం తిన్నారో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ రాయండి. అది చూశాక మీ ఇంట్లో దొరికేవాటితో లెక్క వేసి చెబుతాను.